ఎద్దు పైసలతో కొన్న ల్యాప్‌టాప్

మొన్న ఆదివారం మేఘన తన చదువుకి ల్యాప్‌టాప్ ఎంచుకుంది. నేను కుక్కర్ పెట్టి మూడు విజిళ్లు వచ్చేలోపు ఆ పని అయిపోయింది. మేఘన మా ఆడబిడ్డ కూతురు. ఇంటర్ చదువుకోసం భూపాలపల్లిలో మా ఇంట్లోనే ఉంటోంది. ఫోన్లో నాలుగు బొమ్మలు చూసింది, ముక్కూ మొహం తెలియని వాళ్లు ఇచ్చిన చుక్కల మార్కులు చూసింది, "అత్తా, దీని స్క్రీన్ వెనక్కి మడిస్తే పలక లెక్క అయితది, పెన్నుతోటి రాసుకోవచ్చు, గిదే కావాలె" అంది. వేలితో ఒక్క నొక్కు నొక్కింది, అంతే. రెండు రోజుల్లో ఇంటికొస్తుందట. పాతది ఏదైనా ఉంటే తీసుకుని ధర తగ్గిస్తారని కూడా తనే చెప్పింది. పాతది ఉందన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

స్టూలు వేసుకుని అటక మీద వెతికితే ఇత్తడి బిందె వెనకాల దొరికింది. గుడ్డ సంచిలో ఉంది. సంచి మూతికి పసుపు పూసిన తాడు కట్టి ఉంది. పసుపు చాలావరకు పోయింది గానీ పేటల మధ్య ఇంకా అక్కడక్కడా మెరుస్తోంది. దాన్ని చేత్తో పట్టుకున్నాను, ఇక స్టూలు దిగబుద్ధి కాలేదు. నాకు ముప్పై దాటి ఎంతో కాలేదు. జ్ఞాపకాలు రాసుకునే వయసు ఇంకా రాలేదని మా ఆయన వేళాకోళం చేస్తాడు. చేసుకోనీ. ఆ వారం రోజుల సంగతి ఇప్పుడు రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మా ఊరు జనగామ పక్క, దేవరుప్పుల దాటి ఇంకా లోపలికి పోవాలి. అప్పుడు నేను పదో తరగతి. రాష్ట్రం కోసం కొట్లాట జోరుగా సాగుతున్న రోజులవి. ఏ రోజు బంద్ ఉంటుందో, ఏ రోజు బస్సు నడుస్తుందో పొద్దున లేచాక గానీ తెలిసేది కాదు. సార్లందరూ సమ్మెలో ఉన్నారు, బడికి తాళం. మా బాపు పొద్దున్నే చద్దన్నం తిని రోడ్డు మీద వంటా-వార్పుకి పోయేవాడు. ఊరి ఆడవాళ్లు ఇళ్లలోంచి బియ్యం, పప్పు తీసుకొచ్చి నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టేవాళ్లు. మా అమ్మ వండిన పప్పుచారు వాసన బస్టాండు దాకా వచ్చేదని అందరూ అనేవాళ్లు. బాపుకి ఆ రోజుల్లో అన్నిటికీ ఒకటే జవాబు. ఇల్లు కురుస్తోందంటే రాష్ట్రం వచ్చినంక కప్పుకుందాం. అమ్మకి కళ్లజోడు కావాలంటే రాష్ట్రం వచ్చినంక పోదాం. నేను కంప్యూటర్ అన్నప్పుడు కూడా అదే జవాబు.

"రాష్ట్రం రానీ బిడ్డా, గప్పుడు జూద్దాం."

"పరీక్షలు రాష్ట్రం కోసం ఆగయి బాపు!" అన్నాను. అరిచాను అంటే సరిగ్గా ఉంటుంది.

నా అరుపుకి కారణం మా సైన్సు సారు. ఆయన పగలంతా సమ్మె టెంటులో కూర్చునేవాడు గానీ మా మీద కన్ను తీయలేదు. "బడికి తాళం పడ్డది, మీ పుస్తకాలకు పడలే" అని పదో తరగతి పాఠాలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి నా చేతిలో పెట్టాడు. మీ ఊళ్లో మీకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి బొమ్మలతో సహా రాసి తీసుకురండి, సైన్సు ప్రదర్శనకి పంపుతానని కూడా చెప్పాడు. ఆ టెంటులోనే ఒక పత్రికలో బొమ్మ చూపించాడు. మామూలు ల్యాప్‌టాపే, కానీ దాని తెర మెడ తిప్పి వెనక్కి పడుకుంటుంది, పడుకున్నాక దాని మీద పెన్నుతో రాయొచ్చు, గీయొచ్చు. నాకు బొమ్మల పిచ్చి. మందారపువ్వు నిలువుకోత, గుండె, మూత్రపిండం నోటుబుక్కుల నిండా వేసేదాన్ని. ఆ బొమ్మ చూసిన రోజు నుంచి అన్నం ముందు కూర్చున్నా కంచంలో వేలితో గీతలు గీసేదాన్ని.

మా ఇంటి వెనక కొట్టంలో అప్పుడు పశువులు లేవు. జోడీలో ఒక ఎద్దు ముందటేడు రోగం వచ్చి పోయింది. మిగిలిన ఎర్రోడిని ఒంటిగా కట్టేసి చూడలేక బాపు అమ్మేశాడు. ఆ పైసలకి ఇంకొంత కలిపి కొత్త జోడీ తేవాలని ఆయన ఆలోచన. ఎర్రోడు పోయాక కూడా బాపు పొద్దున్నే అలవాటు కొద్దీ చేతిలో గడ్డి పట్టుకుని కొట్టం దాకా పోయేవాడు, గుమ్మం దగ్గర ఆగి, గడ్డి అక్కడే పడేసి తిరిగొచ్చేవాడు. మేం చూసీ చూడనట్టు ఉండేవాళ్లం. ఎర్రోడి తలుగు మాత్రం కొట్టంలో మేకుకి అలాగే వేలాడేది. పశువును కట్టే తాడును మా వైపు తలుగు అంటారు. పశువును అమ్మినవాడు తలుగు ఇవ్వడు. ఇస్తే ఇంటి కళ దానితో పాటే పోతుందని నమ్మకం. కొన్నవాడు కొత్త తలుగు పసుపు పూసి వెంట తెచ్చుకోవాలి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నా ఏడుపంతా దీని చుట్టూనే.

చివరికి మాట గెలిపించింది మా అమ్మ. "దుక్కికి ట్రాక్టర్ రానే వట్టె. మళ్ల ఎడ్లను దెచ్చి కట్టేస్తే పెండ దీసుడు, నీళ్లు వెట్టుడు నా పాలనే. గా ఎద్దు పైసలతోటి పిల్లకు గదేదో కొనియ్యి" అంది. సాయంత్రం బాపు బీడీ ఆర్పేసి, "ఎద్దు పైసలతోటి కొనేదయితే ఎద్దును జూసినట్టే జూసి కొనాలె. మల్లయ్య కాకను తోల్కపోదాం" అన్నాడు. నేను వాకిట్లో గంతులేశాను. మల్లయ్య తాతను ఎందుకు తీసుకుపోవాలో నాకు అర్థం కాలేదు, ఆయనే కాదు, ఊరంతా వచ్చినా నాకు అభ్యంతరం లేదు.

మల్లయ్య తాత ఎడ్ల పారఖీ. కొత్తగూడ అడవి దాకా, మానుకోట అంగళ్ల దాకా, ఇటు భూపాలపల్లి దాకా నడిచి పోయి ఊరందరికీ ఎడ్లు చూసి పెట్టిన మనిషి. ఆయన పండ్లు పట్టి చూసి, ఒంటి మీద వెంట్రుకల సుడులు చూసి, నాలుగడుగులు నడిపించి తల ఊపితేనే మా ఊళ్లో బేరం కుదిరేది. దానికి రూపాయి తీసుకునేవాడు కాదు, ఒక పూట అన్నం పెడితే చాలు. ట్రాక్టర్లు వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్లు లేరు. మా బాపు వెళ్లి అడిగేసరికి అరుగు మీద నుంచి లేచి, ఏం పశువు, ఏ ఊరిది అని కూడా అడగకుండా తువ్వాల భుజాన వేసుకున్నాడట.

బంద్ లేని రోజు చూసుకుని ముగ్గురం ఆటోలో జనగామ పోయాం. కంప్యూటర్ల దుకాణం ఒకప్పుడు బియ్యం, బెల్లం అమ్మిన సేటు గారిది. కొడుకు కంప్యూటర్లు పెట్టాడు గానీ ముసలి సేటు తన పాత గద్దె మీదే కూర్చునేవాడు. లోపల ఇంకా బెల్లం వాసన వచ్చేది. చిన్న సేటు మా ముందు మూడు పెట్టాడు. రెండు మామూలువి, మెరిసిపోతున్నాయి. మూడోది ఎవరో ఇంజనీరు తెప్పించుకుని తీసుకోకుండా వదిలేసిందట. దానికి మెడ తిరుగుతుంది! నేను ఒక్క మాట కూడా అనకూడదని, అంటే ధర పెరుగుతుందని బాపు ముందే చెప్పి ఉండటం వల్ల పెదవులు కరుచుకుని నిలబడ్డాను.

మల్లయ్య తాత తొందరపడలేదు. ఒక్కో దాన్నీ ఎత్తి బరువు చూశాడు. కింద అరచెయ్యి పెట్టి వేడి చూశాడు. మీటలన్నీ బొటనవేలితో వరసగా తడిమి "పండ్లన్నీ ఉన్నయి" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు, బాపు ఉరిమి చూశాడు. తర్వాత మెరిసే రెండింటి మూతలు తెరిచి, మూసి, తెరిచి, మూసి, పదిసార్లు చూసి పక్కకి నెట్టాడు.

"ఇవి వద్దు సేటూ. మెడ వదులున్నది."

"కొత్త మాల్ తాతా! కంపెనీది!"

"కంపెనీది గానీ ఎవ్వలదన్న గానీ. కాడి మోసేది మెడనే గద."

మూడోదాని దగ్గరకి వచ్చేసరికి తాత మొహం మారింది. మెడను కుడికి తిప్పాడు, ఎడమకి తిప్పాడు, వెనక్కి పడుకోబెట్టాడు, లేపాడు. చిన్న సేటు "జర పైలం, జర పైలం" అంటూనే ఉన్నాడు. ఎన్నిసార్లు తిప్పాడో నేను లెక్కపెట్టలేదు, ఊపిరి బిగబట్టి ఉన్నాను. ఆఖరికి "బిర్రుగనూ లేదు, వదులుగనూ లేదు. నడక జూపియ్యి" అన్నాడు. అంటే పని చేయించమని. సేటు పెన్ను తీసి నా చేతికిచ్చాడు. తెర మీద ఒక గుండ్రం గీశాను. నా గీత, అచ్చం నాదే, తెల్లటి వెలుగులో నల్లగా పడింది. "బాపూ!" అని దుకాణం అదిరేలా అరిచాను. ధర తగ్గే ఆశ అక్కడితో పోయింది.

అయినా బాపు ఒక షరతు పెట్టాడు. ఎద్దును కొన్నా వారం రోజులు కాడి కట్టి చూసుకుంటాం, పని చేయకపోతే తోలుకొచ్చి అప్పజెప్తాం. దీనికీ అంతే. చిన్న సేటు తల పట్టుకున్నాడు. గద్దె మీద నుంచి ముసలి సేటు "గది న్యాయమే, ఒప్పుకోరా" అన్నాడు. బాపు నా వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. "విన్నవా రజితా, వారం. ఎద్దు పైసలివి. గింత పని నాకు కండ్లవడాలె, లేకుంటే వాపస్." నేను తల ఊపాను. వారంలో ఏం చూపించాలో తెలియదు, కానీ ఆ క్షణంలో కొండనైనా తవ్వి చూపించేదాన్ని.

అంతలో బయట నినాదాలు వినిపించాయి. ఊరేగింపు వస్తోంది, దుకాణాలు మూయాలి. చిన్న సేటు షట్టర్ సగం లాగేశాడు. మల్లయ్య తాత తువ్వాలలోంచి పసుపు తాడు తీసి, సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్‌కి చుట్టి ముడేశాడు. డబ్బా మీద ఉన్న నల్లటి వైరు చుట్టను తీసి, రెండు చేతులా ముసలి సేటు ముందు పెట్టాడు. ముసలి సేటు దాన్ని తీసుకుని తల ఊపి, గద్దె కింద పెట్టుకున్నాడు. నేను అది చూశాను. అది దుకాణం వాళ్లదేమో అనుకున్నాను. షట్టర్ కింద నుంచి వంగి బయటికొచ్చి, "జై తెలంగాణ" అంటున్న జనంలో కలిసిపోయి, నేను కూడా గొంతు చిరిగేలా అరుచుకుంటూ ఆటో దాకా పోయాను. అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ నినాదం ఇవ్వలేదు.

ఇంటికొచ్చి సంచి దులిపితే ఛార్జర్ లేదు. డబ్బా దులిపాను. ఆటోలో పడిపోయిందేమో అని వీధి చివరిదాకా పరుగెత్తాను. మల్లయ్య తాత అరుగు మీద కూర్చుని నెమ్మదిగా అన్నాడు.

"గా నల్ల తాడా బిడ్డా? సేటుకు ఇచ్చి వచ్చిన. తలుగు అమ్మినోనిది. మన తలుగు మనం కట్టుకున్నం గద."

"తాతా! అది తలుగు కాదు, మేత! గది లేకుంటే ఇది బతకది!" అన్నాను, ఏడుస్తూనే.

తాత మొహంలో రంగు పోయింది. నా ఏడుపు నాదే గానీ ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. దుకాణానికి ఫోన్ చేస్తే బస్సులు నడిస్తే పంపిస్తానన్నాడు చిన్న సేటు. బస్సులు ఎప్పుడు నడుస్తాయో ఎవరికీ తెలియదు. మర్నాటి నుంచి మళ్లీ బంద్. సారు దగ్గరున్న ఛార్జర్ పిన్ను దీనికి దూరలేదు. బ్యాటరీలో ఉన్నది మహా అయితే మూడు గంటల పని. నాకున్నది వారం.

ఆ మూడు గంటలను నేను వాడుకున్న తీరు చూస్తే ఇప్పుడు నాకే ముచ్చటేస్తుంది. రోజుకి అరగంట. తెర వెలుతురు తగ్గించి, మా తరగతి అమ్మాయిలం ఐదుగురం తలలు ఆనించి సారు పాఠం చూసేవాళ్లం, లెక్కలు నేలమీద సుద్దతో చేసుకునేవాళ్లం. సాయంత్రం మల్లయ్య తాత వచ్చి గుమ్మం దగ్గర నిలబడి "ఎంత మేత ఉన్నది?" అని అడిగేవాడు. నేను శాతం చెప్పేదాన్ని. ఆయన దేనికో లెక్క కట్టుకుంటున్నట్టు తల ఊపి వెళ్లిపోయేవాడు. మూడో రోజు ఆయన వెనక్కి తిరుగుతుంటే నాకు తట్టింది. మా ఊళ్లో మాకు మాత్రమే తెలిసిన సంగతి గుమ్మంలో నిలబడి ఉంది!

"తాతా, ఎద్దుకు సుడులు ఎక్కడెక్కడ ఉంటయో చెప్తవా? నేను బొమ్మ గీస్త."

ఆ వారంలో తాత గడప దాటి లోపలికి రావడం అదే మొదటిసారి. తెరను పలకలా పడుకోబెట్టి ఎద్దు బొమ్మ మొదలుపెట్టాను. ఎద్దు అంటే నా కళ్లలో మెదిలేది ఒకటే, చెయ్యి దాన్నే గీసింది. నుదుటి మీద సుడి, మూపురం మీద సుడి, ఏది మంచిది, ఏది చెడ్డది, పండ్లు ఎన్నయితే ఏ వయసు, గిట్ట ఎలా ఉంటే రాళ్ల నేలకి పనికొస్తుంది, అన్నీ తాత చెప్తూ పోయాడు, నేను పక్కన గీతలు లాగి రాస్తూ పోయాను. చెప్తుంటే ఆయన నడుము నిటారుగా అయింది. ఐదో రోజు సాయంత్రం మూపురం దాటి తోక దగ్గరకి వచ్చాం. తెర ఒక్కసారిగా నల్లబడింది.

"సచ్చిందా?" అన్నాడు తాత. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నాకు తెలియదు. గీసిన బొమ్మను సేవ్ చేశానో లేదో కూడా తెలియదు. మర్నాడు పొద్దున అవ్వ, అంటే తాత భార్య, మా వాకిట్లోకి వచ్చి "మీ తాత కోడి కూయంగనే లేసి జనగామ బాట వట్టిండు, నడుసుకుంట" అంది. బాపు సైకిల్ తీసి వెనకాల పోబోయాడు. "పోనియ్యి. అడ్డం పోతే వినేటోడు గాదు" అంది అవ్వ. ఆ రోజంతా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ముసలాయన అంత దూరం నాకోసం, నా ఏడుపుకోసం నడుస్తున్నాడని తలుచుకుంటే ల్యాప్‌టాప్ వాపస్ పోయినా బాధ లేదనిపించింది. నిజం చెప్పాలంటే అలా కాసేపే అనిపించింది.

గడువు ఆఖరి రోజు సాయంత్రం తాత వచ్చాడు. కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము. చినుకు పడుతుంటే వైరు తడవకుండా తువ్వాలలో చుట్టి పొట్టకు కట్టుకుని తెచ్చాడు. దుకాణం మూసి ఉంటే సేటు ఇల్లు వెతుక్కుంటూ పోయాడట. ముసలి సేటు కూడా అది తలుగే అనుకున్నాడట. "మా ఇద్దరి తెలివి ఒక్కతీర్గనే ఉన్నది. రాత్రి వాళ్ల అరుగు మీదనే పండుకున్న" అని నవ్వాడు. అమ్మ కాళ్లకి నీళ్లు ఇచ్చి, మజ్జిగ ఇచ్చింది. కరెంటు లేదు. మేం అందరం, బాపుతో సహా, ప్లగ్గు పెట్టేసి దాని ముందు కూర్చున్నాం. బల్బు వెలిగేదాకా ఎవరూ లేవలేదు.

బల్బు వెలిగింది. మీట నొక్కాను. తెర నల్లగా ఉండి, ఉండి, మెల్లగా తెలుపయింది. ఎక్కడ ఆగిందో అక్కడే, తోక లేని ఎద్దు మా ముందు నిలబడి ఉంది. నేను కేక పెట్టాను, మిగతా నలుగురు అమ్మాయిలు వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చారు. బాపు మాత్రం ముందుకి వంగాడు. ఎడమ భుజం మీద సుడి, కుడి కొమ్ము కొనకి చిన్న వంకర, చెవికి చీలిక. బాపు వేలు తెర దాకా పోయి ఆగింది.

"గిది మన ఎర్రోడు గదనే," అన్నాడు అమ్మతో.

కాసేపటికి "తోక బెట్టు బిడ్డా, ఈగలు ముసురుతయి" అన్నాడు. పెన్నుతో తోక గీశాను. బాపు లేచి బయటికి పోయాడు. వారం అయిపోయిందని గానీ, ఉంచుకోమని గానీ ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మర్నాటి నుంచి మాత్రం పొద్దున్నే కొట్టానికి పోవడం మానేసి, నా వెనక వచ్చి నిలబడి "ఏదీ, జర చూపియ్యి" అనేవాడు. బొమ్మ ప్రదర్శనకి పోయింది, తాత పక్కన నిలబడి వచ్చిన వాళ్లందరికీ వివరించాడు. ఆ తర్వాత ఆ యంత్రం నన్ను ఇంటర్, డిగ్రీ, టీచర్ పరీక్ష దాటించింది. మెడ ఒక్కసారి కూడా వదులు కాలేదు.

రాష్ట్రం వచ్చింది. అమ్మకి కళ్లజోడు వచ్చింది, ఇల్లు కప్పుకున్నాం, కొన్ని ఇంకా రాలేదు. మల్లయ్య తాత లేడు. ఇప్పుడు నా బళ్లో పిల్లలు వస్తువు కొనేముందు ఎవరినీ వెంట తీసుకుపోరు, అవసరం కూడా లేదు. అది తప్పని నేననను, మేఘన ఎంచుకున్నది మంచిదే. ఒక వస్తువు కోసం నలుగురు మనుషులు వారం రోజులు ఊపిరి బిగబట్టడం మాత్రం ఆ పిల్లకి దొరకలేదు, అందుకు నాకు జాలేస్తుంది.

నిన్న కొత్త డబ్బా వచ్చింది. తెచ్చినతను పాతదాన్ని తిప్పి చూసి సంచిలో వేసుకున్నాడు. పసుపు తాడు నేను ముందే విప్పి పెట్టుకున్నాను.

"ఛార్జర్ మేడం?"

"ఛార్జర్ ఇయ్యను."

"అది లేకుంటే ధర తగ్గుతది మేడం."

"తగ్గించుకో."

"అత్తా, అది దేనికీ పనికిరాదు గద!" అంది మేఘన. నేను నల్లటి వైరును చుట్ట చుట్టి, పసుపు తాడు పక్కనే మేకుకి తగిలించాను.

"ఈసారి అమ్మినోళ్లం మనం బిడ్డా," అన్నాను. "తలుగు మన తాననే ఉండాలె."